వంటగ్యాస్ సాంద్రతను లెక్కకట్టే పద్ధతి

ఇంటి సిలిండర్‌లో ఉండే ఎల్‌పీజీ ప్రధానంగా ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. అది లీకయినప్పుడు పైకి పోతుందా, నేలమీద పరుచుకుంటుందా అన్నది దాని సాంద్రతను గాలి సాంద్రతతో పోల్చి చూస్తే తేలుతుంది. ఇందుకు ఇంటర్మీడియట్‌లో చదువుకునే ఆదర్శ వాయు సమీకరణమే (పీడనం × ఘనపరిమాణం = మోల్‌ల సంఖ్య × వాయు స్థిరాంకం × ఉష్ణోగ్రత) చాలు. మోల్ అంటే నిర్ణీత సంఖ్యలో అణువుల గుంపు; ఒక మోల్ ద్రవ్యరాశే మోలార్ ద్రవ్యరాశి. అందులో మోల్‌ల సంఖ్యకు బదులు ద్రవ్యరాశిని మోలార్ ద్రవ్యరాశితో భాగించి రాస్తే, సమీకరణం ఇలా మారుతుంది:

సాంద్రత = (పీడనం × సగటు మోలార్ ద్రవ్యరాశి) ÷ (వాయు స్థిరాంకం × ఉష్ణోగ్రత)

ఇందులో శ్రద్ధగా చేయవలసిన పనల్లా సగటు మోలార్ ద్రవ్యరాశిని కట్టడమే. ప్రతి వాయువు మోల్ భాగాన్ని దాని మోలార్ ద్రవ్యరాశితో గుణించి, వచ్చినవాటిని కూడాలి. ఉదాహరణకు మిశ్రమంలో మోల్‌ల లెక్కన ప్రొపేన్ 40 శాతం, బ్యూటేన్ 60 శాతం ఉన్నాయనుకుందాం. ప్రొపేన్‌ది 44.10, బ్యూటేన్‌ది 58.12 కాబట్టి 0.4 × 44.10 + 0.6 × 58.12 = 52.51 గ్రాములు.

అయితే ఇచ్చిన శాతాలు మోల్‌లవా, బరువువా అన్నది ముందే చూసుకోవాలి. విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. అవే శాతాలు బరువు లెక్కన ఇచ్చినవైతే, 100 గ్రాముల మిశ్రమంలో ప్రొపేన్ 40 ÷ 44.10 = 0.907 మోల్‌లు, బ్యూటేన్ 60 ÷ 58.12 = 1.032 మోల్‌లు ఉంటాయి. 100ను వాటి మొత్తంతో భాగిస్తే సగటు 51.6 గ్రాములకు దిగుతుంది. వాయువుల ఘనపరిమాణ శాతాలు ఇచ్చినప్పుడు ఈ మార్పు అక్కరలేదు. ఆదర్శ వాయువులకు అవే మోల్ శాతాలు.

ఇక ప్రమాణాలు. ఉష్ణోగ్రత 30 డిగ్రీల సెల్సియస్ అయితే 303.15 కెల్విన్, పీడనం 1,01,325 పాస్కల్‌లు, స్థిరాంకం 8.314. గ్రాములను కిలోగ్రాములలోకి మార్చి 0.05251 అని వేయాలి. 1,01,325 × 0.05251ను 8.314 × 303.15తో భాగిస్తే ఘనమీటరుకు 2.11 కిలోగ్రాములు వస్తుంది. గాలి మోలార్ ద్రవ్యరాశి 28.97 గ్రాములు కనుక, అదే లెక్కన దాని సాంద్రత 1.165. అంటే వంటగ్యాస్ గాలికన్నా సుమారు 1.8 రెట్లు బరువైనది.

ఈ లెక్క సిలిండర్ లోపలికి వర్తించదు, ఎందుకంటే అక్కడ ఎల్‌పీజీ చాలావరకు ద్రవరూపంలో ఉంటుంది. బయట మామూలు వాతావరణ పీడనం దగ్గర మాత్రం ఫలితం అసలు విలువకు చాలా దగ్గరగానే ఉంటుంది; అణువుల మధ్య ఆకర్షణ వల్ల అసలు సాంద్రత కొద్ది శాతం ఎక్కువగా ఉంటుందంతే.

లీకయిన గ్యాస్ గాలిలో కలిశాక కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది. గాలిలో 10 శాతం గ్యాస్ చేరితే సగటు 0.1 × 52.51 + 0.9 × 28.97 = 31.32 గ్రాములు, సాంద్రత 1.26. అంతగా పలచబడ్డాక కూడా ఆ మిశ్రమం చుట్టూ ఉన్న గాలికన్నా 8 శాతం బరువుగా ఉండి, గచ్చు వెంబడే సాగుతుంది. అందుకే వంటగదిలో పైన కిటికీ తెరిచి ఉంటే సరిపోదు, నేలమట్టంలోనూ గాలి బయటికి పోయే దారి ఉండాలి.