ఊరి హద్దు నడిచి పటం గీసేవాళ్లకి

మాది పాడేరు కొండల్లో ఒక గూడెం. డిగ్రీ అయి ఇంటికొచ్చిన ఏడాది, సామూహిక అటవీ వనరుల హక్కు (ఊరు తరతరాలుగా కాపాడుకుంటూ వాడుకునే అడవి మీద అటవీ హక్కుల చట్టం ఇచ్చే హక్కు) దరఖాస్తుకి పటం గీసే పని నా మెడకి చుట్టారు. "నీకు ఫోన్ నొక్కడం వచ్చు కదా" అన్నారు. మొదటి పటం తప్పు గీశాను. తర్వాత చుట్టుపక్కల గూడేలకి ఇంకో ఆరు గీశాం. మీ ఊళ్లో కూడా ఈ పని ఎవరికో ఒకరికి చుట్టుకుంటుంది కాబట్టి రాస్తున్నాను.

మొదటి రోజు గీయడం అయ్యేదాకా ఫోన్ జేబులోంచి తీయకండి. రచ్చబండ దగ్గర నేల ఊడ్చి, ముగ్గుపిండి, చింతపిక్కలు పెద్దవాళ్ల చేతికివ్వండి. ఉత్తరం ఎటు అని అడగొద్దు. వాళ్లు గెడ్డతో, అంటే వాగుతో, మొదలుపెడతారు, దాని వెంటే ఊరంతా గీసుకుంటూ పోతారు. ఆడవాళ్లకి వేరే పూట, వేరే నేల ఇవ్వండి. మా మగవాళ్లు గీసిన దాంట్లో తేనె పట్టే రాళ్లు, వేట దారులు అన్నీ ఉన్నాయి. కొండ వెనక వాలు మాత్రం ఖాళీ. మర్నాడు ఆడవాళ్లు కూర్చుని ఆ వాలునే అడ్డాకులతో, కొండచీపుళ్లతో, దుంపలు తవ్వే చోట్లతో నింపేశారు. కోళ్లు చెరిపేయకముందే ఫొటో తీసి చార్టు మీదకి ఎక్కించుకోండి.

నడకకి మాఘ, ఫాల్గుణాలు మంచివి. కోతలు అయిపోతాయి, ఆకు రాలి ఉంటుంది కాబట్టి ఫోన్‌కి జీపీఎస్ సిగ్నల్ బాగా అందుతుంది, చైత్రంలో వచ్చే మా ఇటుకల పండగకి ఇంకా టైముంటుంది. గ్రామసభ ఎన్నుకున్న అటవీ హక్కుల కమిటీవాళ్లతో పాటు ఇద్దరు ముసలివాళ్లు, కత్తితో దారి కొట్టడానికి ఇద్దరు కుర్రాళ్లు ఉండాలి. పక్క ఊరి కమిటీని కూడా పిలవండి. హద్దు దగ్గర పేచీ వస్తే రెండు ఊళ్ల కమిటీలూ కలిసి కూర్చుని మాట్లాడుకుని, తేలిన విషయం రాసి గ్రామసభలకి ఇవ్వాలని అటవీ హక్కుల చట్టం రూల్స్‌లోనే ఉంది. ఎలాగూ కూర్చోవాల్సిందే, ఆ కూర్చునేదేదో ముందే కూర్చుంటే ఒక ఏడాది మిగులుతుంది.

అటవీ, రెవెన్యూ శాఖలకి తేదీ వేసి నోటీసు ఇవ్వండి, అందినట్టు సంతకం తప్పకుండా తీసుకోండి. 2012లో సవరించిన రూల్స్ ప్రకారం వాళ్లు వచ్చి, చూసి, సంతకం పెట్టాలి. రాకుండా తర్వాత అభ్యంతరం చెబితే ఇంకోసారి తనిఖీ పెడతారు. రెండోసారీ రాకపోతే ఆ తనిఖీ మీద గ్రామసభ మాటే ఆఖరు. మీ దగ్గర ఆ అందిన కాగితం లేకపోతే ఇదంతా నోటి మాటే.

ఇక నా తప్పు సంగతి. అప్పు తెచ్చిన పాత జీపీఎస్‌లో డేటమ్ (అక్షాంశ, రేఖాంశాలు లెక్కకట్టే ఆధారం) వేరేది పెట్టి ఉంది, నేను చూడలేదు. మూడు రోజులు నడిచి, తెరమీద కనపడిన అంకెలు నోట్‌బుక్‌లో రాసుకున్నాం. కంప్యూటర్‌లో ఎక్కిస్తే మా హద్దు గెడ్డ దాటి పక్క ఊరి పసుపు తోటల్లో కూర్చుంది. వాళ్లు నవ్వారు కాబట్టి సరిపోయింది. అందుకే బయల్దేరే ముందు సెట్టింగ్స్‌లో డేటమ్ డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ మామూలుగా వాడేది) ఉందో లేదో చూసుకోండి. తెలిసిన ఒక చోట పాయింట్ తీసి పరీక్షించండి.

హద్దు తిరిగే ప్రతి చోటా ఆగండి. తెరమీద ఎన్ని మీటర్ల తేడా ఉందో చూపిస్తుంది. ఆ అంకె 5 దగ్గరికి దిగేదాకా నిలబడండి. పెద్ద చెట్ల కింద 10 దాటుతుంది, అప్పుడు కాస్త జరిగి తీయండి. పాయింట్ నంబరు పక్కనే ఆ చోటి పేరు, ఎవరు చెప్పారు, అక్కడ ఊరివాళ్లు ఏం చేస్తారు, ఈ మూడూ రాయండి. పేరు వాళ్లు పలికినట్టే రాయండి, ఆదివాసీ ఒడియాలో చెబితే ఒడియాలోనే. సర్వే వాళ్ల షీటులో మా వెనక కొండకి పేరే లేదు, ఎత్తు అంకె మాత్రం ఉంది. మా చిన్నమ్మ అదే కొండ మీద పదకొండు చోట్లకి పేర్లు చెప్పింది. ఫోన్‌లో గెడ్డ నీలం గీత చూపిస్తే, "దానికేటి తెలుసురా, ఎండాకాలం ఊట ఎక్కడుంటాదో?" అని నన్ను పైకి లాక్కెళ్లి, రాయి కింద చెయ్యి పెట్టించింది. చల్లగా తగిలింది. ఆ ఊట పటంలో 27వ పాయింట్.

అటవీ శాఖ కంపార్ట్‌మెంట్ (వాళ్లు అడవిని నంబర్లు వేసి విడగొట్టుకున్న ముక్క) గీతతో మీ హద్దు కలవలేదని టెన్షన్ పడొద్దు. అధికారిక హద్దులతో కలవాల్సిన పని లేదని ఈ హక్కు దరఖాస్తు ఫారం-సి లోనే రాసి ఉంది. శాటిలైట్ ఫొటోలో కనపడలేదని ఎవరైనా అంటే, అది మిగతా సాక్ష్యాలకి తోడే తప్ప వాటికి బదులు కాదని రూల్ చూపించండి. పెద్దవాళ్ల వాంగ్మూలం రాసిపెడితే అదీ సాక్ష్యమే. దేవతల చెట్లు, శ్మశానాలు కూడా.

అయితే మేం కొలిచే జాకర దేవత చోటు అంకెలతో సహా ఆఫీసుకి ఇవ్వాలా? మేం ఇవ్వలేదు. ఆ చుట్టూ పెద్ద వలయం గీసి "పూజా స్థలం" అని రాశాం. తేనె రాళ్లు, మందు మొక్కల చోట్లు ఊరి కాపీలో మాత్రమే ఉన్నాయి. ఏది బయటికి వెళ్లాలో గ్రామసభే చెప్పాలి, ఫోన్ పట్టుకున్నవాడు కాదు. ఫొటోలు గ్రూపుల్లో పెట్టే ముందు లొకేషన్ ఆపేయండి.

కంప్యూటర్ పని చిన్నదే. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, నేర్చుకోవడానికి వారం చాలు. ప్రింట్ తీశాక గ్రామసభలో పాయింట్లన్నీ పైకి చదవండి. సభ్యుల్లో సగం మంది రావాలి, వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. మా సభలో నాలుగు చోట్ల పెన్నుతో దిద్దారు. అవి సరిచేసి మళ్లీ ప్రింట్ తీసి చూపించాకే తీర్మానం రాశాం, సంతకాలు పెట్టాం.

ఊరి కాపీకి లామినేషన్ చేయించొద్దు, రేపు దిద్దాలంటే పెన్ను పడదు. మాది చుట్టి వెదురు గొట్టంలో పెట్టి, చిన్నమ్మ ఇంట్లో పొయ్యి మీద దూలానికి కట్టాం. పొగకి పసుపెక్కింది కానీ చెద ముట్టలేదు.