పది రోజుల్లో కన్నడ బోర్డు చదవడం: కోలారు దారిలో నేను పట్టుకున్న పద్ధతి

మాది మదనపల్లె పక్కన చిన్న ఊరు. సీజన్‌లో మా టమాటా సగం మదనపల్లె మార్కెట్‌కి పోతే, సగం కోలారు మండీకి పోతుంది. కోలారులో మాటకు ఇబ్బందే లేదు. క్రేట్లు దించే హమాలీలు, మండీలో లెక్క రాసే గుమాస్తాలు చాలామంది మనతో తెలుగులోనే మాట్లాడతారు. అందుకే ఏళ్ల తరబడి తిరిగినా కన్నడ అక్షరాల జోలికి పోలేదు.

2018లో ఒక మండీలో చీటీ చేతికిచ్చి సంతకం పెట్టమన్నారు, పెట్టేశాను. తర్వాతి లోడు డబ్బుల్లో 40 క్రేట్ల ఖరీదు కోసుకున్నారు. ఖాళీ క్రేట్లు నేను ఎప్పుడో తిరిగి ఇచ్చేశాను. గట్టిగా అడిగితే పాత చీటీ తీసి చదివి వినిపించారు: ‘ఖాలి క్రేట్ 40 బాకి’. ప్రతి మాటా నాకు తెలిసిందే! రాసిన అక్షరం చదవలేక మోసపోయాను. ఆ రాత్రి బండిలో ఇంటికొస్తూ, మళ్లీ కోలారు వచ్చేలోపు కన్నడ చదవడం నేర్చుకోవాలని పట్టుబట్టాను. పది రోజులు పట్టింది. తెలుగు చదవడం వచ్చిన ఎవరికైనా అంతకంటే ఎక్కువ పట్టదు.

ముందుగా జేబులోంచి 100 రూపాయల నోటు తీయండి. గాంధీ బొమ్మ లేని వైపు తిప్పితే, ఒక పక్కగా 15 భాషల్లో వరసగా నోటు విలువ రాసి ఉంటుంది. పైనుంచి నాలుగోది కన్నడ, పద్నాలుగోది తెలుగు. రెండిట్లోనూ మొదటి మాట ‘నూరు’. వెలుతురులో పెట్టి నిదానంగా చూడండి. నకు ఊ దీర్ఘం, రకు ఉ కొమ్ము మన పద్ధతిలోనే ఉంటాయి. తేడా అంతా నెత్తిమీదే. మన తలకట్టు టిక్కు పెట్టినట్టు ఉంటుంది. కన్నడ తలకట్టు పడుకున్న గీతలా ఉండి, కుడి చివర చిన్న వంపు తిరుగుతుంది. ఈ ఒక్క సంగతి కంటికి అలవాటైతే సగం పని అయిపోయినట్టే. పైగా మనకు తలకట్టు లేని జ, ట, ణ, బ, ల అక్షరాలకు అక్కడా తలకట్టు లేదు. అవి మొదటి రోజే వచ్చేస్తాయి. అ, ఆ, ఇ, ఉ, ఎ, ఒ, గ, డ, ద, మ, య, ర, ళ, వ కూడా చూడగానే గుర్తుపడతారు.

ఇందులో వింతేమీ లేదు. కదంబుల కాలం నుంచి చాళుక్యుల మీదుగా చాలా శతాబ్దాలు రెండు భాషలకూ ఒకటే లిపి. హాసన్ జిల్లా హల్మిడి శాసనమైనా, మన కడప జిల్లా కలమళ్ల శాసనమైనా ఆ కాలపు అక్షరాల్లోనివే. తర్వాత మెల్లగా చీలాయి. అచ్చు యంత్రాలు వచ్చాక ఎవరి అచ్చు వాళ్లదై, ఆ చీలిక గట్టిపడింది.

కొత్తగా కూర్చుని నేర్చుకోవాల్సినవి ముఖ్యంగా మూడు అక్షరాలు: క, త, శ. వీటిని పుస్తకంలో చూసి బట్టీ పట్టొద్దు. మూడు ఊళ్ల బస్సు బోర్డులు చాలు. క కోసం ‘కోలార’, త కోసం ‘చింతామణి’, శ కోసం ‘శ్రీనివాసపుర’. మా వైపు వాళ్లకు ఇవి రోజూ కళ్లబడే బోర్డులే. ఈ దారి మీది కాకపోతే ఫోన్‌లో ఆ మూడు పేర్లూ కన్నడలో వెతికి, పెద్దది చేసి చూడండి. క మటుకు మాటల్లో చెప్పగలను: రకు నడుము మీద అడ్డగీత కొట్టినట్టు ఉంటుంది. తక్కిన రెండూ కంటితో చూస్తేనే ఎక్కుతాయి. చ, స, హ కొంచెం తికమక పెడతాయి గానీ మాటలో ముందూ వెనకా చూస్తే తెలిసిపోతుంది.

నన్ను ఎక్కువ సతాయించింది దీర్ఘం. ‘కోలార’ బోర్డు దగ్గరే రెండు రోజులు ఆగిపోయాను. మనం కొకు, కోకు పైన ఉండే గుర్తే మారుస్తాం. కన్నడలో అలా కాదు. కె రాసి, దాని పక్కన ఊ దీర్ఘం లాంటి తోక తగిలిస్తే కొ అవుతుంది. ఆ తర్వాత కొక్కెంలాంటి గుర్తు ఇంకొకటి విడిగా నిలబెడితే కో అవుతుంది. నేను ఆ కొక్కేన్ని వేరే అక్షరం అనుకుని ‘కొ, ఏదో, లా, ర’ అని చదువుతూ ఉండిపోయాను. అది అక్షరం కాదు, ముందున్నదాన్ని సాగదీసే గుర్తు. కీ, కే, కో మూడింటికీ అదే కొక్కెం. ‘శ్రీనివాసపుర’ మొదట్లో కూడా కనిపిస్తుంది. అదే బోర్డులో శ కింద ర ఒత్తు కూడా చూడండి. మన క్రారవడి అక్షరం ఎడమ నుంచి చుట్టుకుని వస్తుంది. వాళ్లది కింద కుడివైపు చిన్నగా ఉంటుంది. మిగతా ఒత్తులు చాలావరకు మనవే.

ఇంకో చిక్కు ‘కర్నాటక’ అనే మాటలో ఉంది. ఆ రాష్ట్రపు ఆర్టీసీ బస్సు పక్కన ‘కర్నాటక సారిగె’ అని పెద్దగా రాసి ఉంటుంది. మొదటిసారి చదివితే క, నా, ఆ తర్వాత తెలుగు తొమ్మిది అంకె (౯) లాంటిది ఒకటి, తర్వాత ట, క అన్నట్టు ఉంటుంది. ఆ తొమ్మిదిలాంటిది ‘ర్’. రాసేది ‘నా’ అక్షరం తర్వాత, పలికేది దానికి ముందు. కన్నడంలో దాన్ని అర్కావొత్తు అంటారు. మా తాత చదివే పాత భారతంలో ‘ధర్మము’, ‘కర్ణుడు’ ఇలాగే అచ్చయి ఉండేవి. మన పెద్దలు దాన్ని వలపలగిలక అన్నారు. మనం వదిలేసింది వాళ్లు ఇప్పటికీ వాడుతున్నారు. అది తెలిసినప్పుడు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఇక్కడికి చదవడం వచ్చేసినట్టే. కానీ చదివింది అర్థం కావాలంటే ఇంకో మూడు తాళంచెవులు కావాలి. నాకు చదవడం కంటే ఇవే ఎక్కువ ఇష్టం.

మాట హతో మొదలైతే, అక్కడ ప పెట్టి చూడండి. హాలు అంటే పాలు, హులి అంటే పులి, హూవు అంటే పువ్వు, హళ్ళి అంటే పల్లె. హణ్ణు అంటే పండు. పాత కన్నడంలో అక్కడ ‘ప’ అక్షరమే ఉండేది, తర్వాత హ అయింది. నోటు మీద ‘పది’ కూడా అంతే, వాళ్లకు ‘హత్తు’.

బ కనిపిస్తే వ పెట్టి చూడండి. మండీ బోర్డు మీది ‘బెలె’ మన వెల. బేవు వేప, బెణ్ణె వెన్న, బెళ్ళి వెండి. ముళబాగిలు మీదుగా ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ పేరులోని బాగిలు మన వాకిలి అని అప్పుడు గానీ తట్టలేదు. మూడల అంటే తూర్పు. అంటే తూర్పు వాకిలి.

క దగ్గర చ పెట్టి చూడండి. కెరె అంటే చెరువు, కివి అంటే చెవి, కై అంటే చెయ్యి. బెంగళూరులో కెరెతో ముగిసే పేటల పేర్లు విన్నప్పుడు అక్కడ ఒకప్పుడు చెరువు ఉండేదని తెలుసుకోండి.

ఈ మూడూ అన్ని మాటలకూ పనిచేయవు. అయినా పది మాటల్లో నాలుగైదు విడిపోతాయి. మాట చివర మన సున్న రాలిపోతుందని కూడా గుర్తుంచుకోండి: తూకం తూక అవుతుంది, గ్రామం గ్రామ అవుతుంది. మన సంత వాళ్లకు సంతె, రస్తా రస్తె.

తెలిసినట్టే ఉండి దారి తప్పించే మాటలు కొన్ని ఉన్నాయి. హోటల్ మీద ‘తిండి’ అని ఉంటే టిఫిను. భోజనానికి ‘ఊట’ అని వెతకాలి. ‘సాల’ అంటే అప్పు. అంగళ్లలో ‘సాల కేళబేడి’ అని రాసి ఉంటే అరువు అడగొద్దని. ‘సాకు’ అంటే చాలు.

సాధన కోసం పుస్తకం కొనక్కర్లేదు. రోజూ పొద్దున ఒక కన్నడ పేపర్‌లో హెడ్డింగులు మాత్రం గట్టిగా, బయటికి వినపడేలా చదవండి. మనసులో చదివితే తప్పు తెలియదు. కోలారు వైపు పోయేవాళ్లకు మార్కెట్ గేటు మీది ‘కృషి ఉత్పన్న మారుకట్టె సమితి’ మంచి పరీక్ష. క, త, ష, ఒత్తులు అన్నీ అందులోనే ఉన్నాయి. అది ఆగకుండా చదవగలిగితే అచ్చు అక్షరాల్లో ఇక మీకు భయం లేదు.

చేతిరాత వేరే సంగతి. గుమాస్తా తొందరలో గీకితే తలకట్టు ఎగిరిపోతుంది, దీర్ఘం కొక్కెం పక్క అక్షరంలో కలిసిపోతుంది. నేను మొదట్లో ప్రతి చీటీకీ ఫోన్‌లో ఫొటో తీసుకుని, టీ తాగుతూ మెల్లగా విడదీసేవాణ్ణి. చీటీలో తిరిగి తిరిగి వచ్చేవి కొన్ని మాటలే. తూక, బెలె, కూలి, కమిషన్, ఖాలి, బాకి. ఈ ఆరూ ఒక కాగితం మీద ఆ గుమాస్తా చేతే రాయించుకుని పర్సులో పెట్టుకోండి, అడిగితే సంతోషంగా రాసిస్తారు. చీటీ ఇవ్వగానే ‘ఖాలి’, ‘బాకి’ ఎక్కడున్నాయో చూసి, పక్కనున్న అంకె బయటికి చదివి, అప్పుడు పెన్ను అడగండి.