జాడ తెలియని బ్రౌజింగ్ – 3వ పాఠం: టోర్ బ్రౌజర్ లోపల ఏం జరుగుతుంది

మొదటి పాఠంలో ఇన్‌కాగ్నిటో చూశాం. అది మన కంప్యూటర్‌లో హిస్టరీ మిగలకుండా చేస్తుంది, అంతవరకే. మనం ఏ సైటుకి వెళ్తున్నామో నెట్ కంపెనీకీ ఆఫీసు నెట్‌వర్క్‌కీ తెలుస్తూనే ఉంటుంది. రెండో పాఠంలో, మన నెట్ వాడకాన్ని వేరే కంపెనీ సర్వర్ గుండా పంపే వీపీఎన్ చూశాం. అది నెట్ కంపెనీకి కనబడకుండా చేస్తుంది గానీ, ఆ కనబడేదంతా వీపీఎన్ కంపెనీ చేతిలో పెడుతుంది. 2022 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ నడిపేవాళ్లు వాడకందారుల పేర్లు, అడ్రసులు, వాళ్లకిచ్చిన ఐపీ (నెట్‌లో కంప్యూటర్‌ని గుర్తించే నంబరు) వివరాలు ఐదేళ్లు దాచి ఉంచాలి. అందుకే కొన్ని పెద్ద కంపెనీలు మన దేశంలోని సర్వర్లు తీసేశాయని కూడా చెప్పుకున్నాం.

ఇవాళ్టి పాఠమంతా రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. చూస్తున్నది ఎవరు? చూస్తున్నది ఏమిటి? ఈ రెండు జవాబులూ ఒకే చోట దొరికినప్పుడే మన గుట్టు బయటపడుతుంది. ఏ ఒక్కరి దగ్గరా ఆ రెండూ కలవకుండా చూడటమే టోర్ చేసే పని. ఇది మనసులో పెట్టుకుంటే మెనూలు, బటన్లు బట్టీ పట్టక్కర్లేదు. ఎక్కడ తప్పు జరగొచ్చో మీకే తడుతుంది.

ఎవరికి అవసరం ఇది? రక్తపరీక్షలో హెచ్ఐవీ అని తేలి, ఎవరికీ చెప్పుకోలేక రాత్రిపూట సమాచారం వెతుక్కునేవాళ్లకు. పనిచేసే చోట జరుగుతున్న అవినీతిని విలేకరికి చెప్పాలనుకునే ఉద్యోగికి. టోర్ అనగానే డార్క్ వెబ్, డ్రగ్స్ అని భయపెట్టే వీడియోలు చాలా ఉన్నాయి. వాటి వల్ల నిజంగా అవసరమున్నవాళ్లు దీని దగ్గరికే రావడం లేదు. నాకు బాధ కలిగించే సంగతి అదే.

ఇక లోపలికి వెళ్దాం. మామూలు బ్రౌజర్‌లో మీ కంప్యూటర్ నేరుగా సైటుతో మాట్లాడుతుంది. టోర్ మధ్యలో మూడు కంప్యూటర్లను పెడుతుంది. వీటిని రిలేలు అంటారు. ప్రపంచమంతా వాలంటీర్లు నడిపే ఇలాంటివి వేలల్లో ఉన్నాయి. మీ బ్రౌజర్ అందులో మూడింటిని ఎంచుకుని, పంపాల్సిన సమాచారానికి మూడు పొరల ఎన్‌క్రిప్షన్ (తాళం చెవి ఉన్నవాళ్లే చదవగలిగేలా మార్చడం) వేస్తుంది. మొదటి రిలే ఒక పొర విప్పుతుంది. అక్కడ దానికి తెలిసేది రెండో రిలే అడ్రసు మాత్రమే. రెండోది ఇంకో పొర విప్పి మూడోదానికి ఇస్తుంది. మూడోది ఆఖరి పొర విప్పి సైటుకి పంపుతుంది.

ఇప్పుడు మన రెండు ప్రశ్నలూ ఒక్కొక్కరినీ అడగండి. మొదటి రిలేకి మీ ఐపీ తెలుసు, మీరు వెళ్తున్న సైటు తెలియదు. మూడోదానికి సైటు తెలుసు, మీరెవరో తెలియదు. మధ్యదానికి రెండూ తెలియవు. సైటుకి మూడో రిలే ఐపీ కనిపిస్తుంది. మీ నెట్ కంపెనీకి మీరు టోర్ వాడుతున్నారని మాత్రం తెలుస్తుంది, ఎక్కడికి వెళ్తున్నారో తెలియదు.

ఈ పద్ధతి 1990ల మధ్యలో అమెరికా నౌకాదళ పరిశోధనశాలలో పుట్టింది. పాల్ సైవర్సన్, మైఖేల్ రీడ్, డేవిడ్ గోల్డ్‌ష్లాగ్ దీన్ని మొదలుపెట్టారు. తర్వాత రోజర్ డింగిల్‌డైన్, నిక్ మాథ్యూసన్ చేరారు. 2002లో టోర్ నెట్‌వర్క్ నడవడం మొదలైంది. నౌకాదళం కోసం పుట్టినదాన్ని అందరికీ ఉచితంగా ఎందుకిచ్చారని చాలామంది అనుమానంగా అడుగుతారు. ఆలోచించండి: ఆ నెట్‌వర్క్‌ని నౌకాదళం ఒక్కటే వాడితే, అందులోంచి బయటికి వచ్చే ప్రతి మనిషీ నౌకాదళం మనిషే అని తేలిపోతుంది. విద్యార్థులు, విలేకరులు, రోగులు, మామూలు జనం అందరూ కలిసి వాడితేనే ఎవరు ఎవరో తెలియకుండా పోతుంది. మీరు ఊరికే వార్తలు చదవడానికి టోర్ వాడినా, ఎక్కడో ప్రాణభయంతో వాడుతున్న ఇంకొకరికి అది సాయమే.

డౌన్‌లోడ్ సంగతి తొందరగా ముగిద్దాం. విండోస్, మ్యాక్, లినక్స్ వాడేవాళ్లు టోర్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ నుంచి మాత్రమే దించుకోండి. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్‌లో టోర్ బ్రౌజర్ ఉంది, దాని కింద టోర్ ప్రాజెక్ట్ అనే పేరు ఉందో లేదో చూసుకోండి. ఐఫోన్‌లో టోర్ బ్రౌజర్ లేదు, టోర్ ప్రాజెక్ట్ వాళ్లు అక్కడ ఆనియన్ బ్రౌజర్ అనే యాప్ వాడమంటారు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైల్ జోలికి మాత్రం అస్సలు వెళ్లొద్దు. తెరవగానే వచ్చే ‘కనెక్ట్’ బటన్ నొక్కి కాసేపు ఆగితే చాలు. చూడటానికి ఫైర్‌ఫాక్స్‌లా ఉంటుంది, ఎందుకంటే దాని మీదే కట్టారు.

ఇప్పుడు కంప్యూటర్‌లో ఏదైనా వార్తల సైటు తెరిచి, అడ్రస్ బార్‌కి ఎడమవైపున్న సర్క్యూట్ (మూడు రిలేల దారి) గుర్తు మీద నొక్కండి. చిన్న పెట్టె తెరుచుకుంటుంది. పైన మీ బ్రౌజర్, కింద వరసగా మూడు దేశాల పేర్లు, వాటి పక్కన ఐపీలు, ఆఖర్న మీరు తెరిచిన సైటు. ఉదాహరణకు జర్మనీ, ఫిన్లాండ్, నెదర్లాండ్స్ అని ఉండొచ్చు. అప్పుడు ఆ సైటు దృష్టిలో మీరు నెదర్లాండ్స్‌లో ఉన్నట్టు లెక్క. కొన్ని సైట్లు డచ్ భాషలో తెరుచుకుంటే కంగారు పడకండి. అదే పెట్టెలో ఈ సైటుకి కొత్త సర్క్యూట్ కావాలని అడిగే బటన్ ఉంది. నొక్కి, పేజీ మళ్లీ లోడయ్యాక పెట్టె ఇంకోసారి తెరవండి. కింది రెండు పేర్లు మారతాయి, మొదటిది మాత్రం అలాగే ఉంటుంది. దాని పక్కన ‘గార్డ్’ అని రాసి ఉంటుంది.

కొత్తవాళ్లు ఇక్కడ ఏదో లోపం ఉందనుకుంటారు. అది కావాలని చేసిందే. రిలేలు నడిపేవాళ్లలో చెడ్డవాళ్లు కూడా ఉంటారు. ఒకే మనిషి చేతిలో మీ మొదటి రిలే, మూడో రిలే రెండూ పడితే, ఇటు లోపలికి వెళ్లే సమయాన్నీ అటు బయటికి వచ్చే సమయాన్నీ పోల్చి ‘ఎవరు’, ‘ఏమిటి’ కలిపేయగలడు. మొదటి రిలే రోజూ మారుతుంటే ఎప్పటికో ఒకప్పుడు అలాంటివాడికి చిక్కక తప్పదు. అదే ఒక్కదాన్ని వారాలు, నెలల తరబడి ఉంచుకుంటే ఆ అవకాశం బాగా తగ్గుతుంది. అందుకే దాన్ని మార్చాలని సెట్టింగుల్లో వేలు పెట్టొద్దు.

టోర్ ఏం కాపాడదో తెలియడం ఇంకా ముఖ్యం. మూడో రిలే ఆఖరి పొర విప్పుతుందని చెప్పాను కదా. సైటు హెచ్‌టీటీపీఎస్ (మీకూ సైటుకీ మధ్య ఉండే ఎన్‌క్రిప్షన్) వాడకపోతే, ఆ రిలే నడిపేవాడికి మీరు టైపు చేసింది ఉన్నదున్నట్టు కనిపిస్తుంది. 2007లో స్వీడన్‌కి చెందిన డాన్ ఎగర్‌స్టాడ్ అనే సెక్యూరిటీ నిపుణుడు ఇలాంటి ఆఖరి రిలేలు కొన్ని నడిపి, వాటి గుండా వెళ్లిన ఈమెయిల్ పాస్‌వర్డులు పట్టుకుని వంద బయటపెట్టాడు. వాటిలో భారత రాయబార కార్యాలయాలవి కూడా ఉన్నాయి. ఇప్పుడు దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాయి, టోర్ బ్రౌజర్ కూడా ముందు దానికోసమే చూస్తుంది. ‘ఈ సైటు సురక్షితం కాదు’ అనే హెచ్చరిక వస్తే దాటి ముందుకెళ్లకండి.

రెండోది, టోర్ వాడుతున్నామన్న విషయమే పట్టివ్వొచ్చు. 2013 డిసెంబరులో హార్వర్డ్ యూనివర్సిటీలో పరీక్ష తప్పించుకోవడానికి ఒక విద్యార్థి టోర్ ద్వారా బాంబు బెదిరింపు మెయిళ్లు పంపాడు. అతను చేసింది నేరం, దొరకడం న్యాయమే. మనం చూడాల్సింది ఎలా దొరికాడన్నది. టోర్‌ని ఎవరూ ఛేదించలేదు. మెయిల్ టోర్ నుంచి వచ్చిందని తెలిసింది. అంతకుముందు కొన్ని గంటల్లో క్యాంపస్ వైఫై మీద టోర్ వాడిందెవరో యూనివర్సిటీ లాగ్‌లలో (నెట్ వాడకం రికార్డుల్లో) ఉంది. పోలీసులు వెళ్లి అడిగితే ఒప్పుకున్నాడు. ఆఫీసు అవినీతి గురించి చెప్పాలనుకునే ఉద్యోగి ఆఫీసు వైఫై మీద టోర్ తెరిచినా ఇదే చిక్కు వస్తుంది.

మూడోది ఎక్కువమంది చేసేది: మన చేతులతో మనమే పేరు చెప్పేయడం. టోర్‌లో జీమెయిల్ లాగిన్ అయితే గూగుల్‌కి మీరెవరో తెలిసినట్టే, మధ్యలో ఎన్ని దేశాలున్నా ఒకటే. సొంత ఫోన్ నంబరు ఇచ్చినా, ఆధార్ నంబరు కొట్టినా అంతే. బ్యాంకు పనికి టోర్ వద్దు. మీరెవరో తెలియాల్సిన చోట దాచి లాభం లేదు, పైగా విదేశీ ఐపీ చూసి ఖాతా ఆపేస్తారన్న టెన్షన్ ఒకటి. ఇంకో సంగతి, టోర్ బ్రౌజర్ కాపాడేది ఆ బ్రౌజర్‌లో చేసిన పనిని మాత్రమే. పక్కన తెరిచి ఉన్న వాట్సాప్, క్రోమ్ ఎప్పటిలాగే మీ అసలు ఐపీతో నడుస్తుంటాయి. దించుకున్న పీడీఎఫ్‌ని నెట్ ఉండగా వేరే ప్రోగ్రామ్‌లో తెరిస్తే అది కూడా మీ ఐపీతో బయటికి వెళ్లొచ్చు.

విండో అంచుల్లో ఖాళీ పట్టీలు కనబడితే అది పాడవలేదు. ఒక్కొక్కరి స్క్రీన్ సైజు ఒక్కోలా ఉంటే దాన్ని బట్టి కూడా మనిషిని గుర్తుపట్టొచ్చు కాబట్టి, అందరూ ఒకే రకం సైజుల్లో కనిపించేలా బ్రౌజర్ అలా సర్దుతుంది. ఎక్స్‌టెన్షన్లు (బ్రౌజర్‌కి అదనంగా తగిలించే చిన్న ప్రోగ్రాములు) కలపొద్దని చెప్పేది కూడా ఇందుకే. అందరి బ్రౌజర్లూ ఒకేలా ఉండాలి, మీది వేరుగా కనబడకూడదు.

వచ్చే పాఠంలోపు ఈ అభ్యాసం చేయండి. చెక్ డాట్ టోర్‌ప్రాజెక్ట్ డాట్ ఆర్గ్ పేజీని ముందు క్రోమ్‌లో, తర్వాత టోర్‌లో తెరిచి, రెండు చోట్లా కనిపించిన ఐపీలు కాగితం మీద రాసుకోండి. తర్వాత మెనూలో ‘న్యూ ఐడెంటిటీ’ నొక్కండి. ట్యాబులన్నీ మూసుకుపోయి బ్రౌజర్ కొత్తగా తెరుచుకుంటుంది, కాబట్టి కావాల్సింది ముందే చూసుకోండి. మళ్లీ అదే పేజీకి వెళ్లి ఐపీ మారిందేమో చూడండి. ఆ మూడు ఐపీల పక్కన, ఒక్కోదాన్ని చూసినవాళ్లకు ‘ఎవరు’ తెలుస్తుందా, ‘ఏమిటి’ తెలుస్తుందా, రెండూనా అని మీ మాటల్లో రాయండి. నాలుగో పాఠంలో టోర్‌ని అడ్డుకునే నెట్‌వర్క్‌ల దగ్గర వాడే బ్రిడ్జిల గురించి చూస్తాం. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి, అక్కడినుంచే మొదలుపెడతాం.