సింగపూర్ స్కూల్ ట్రిప్‌కి బయల్దేరే ముందు

పోయినేడు మా తిరుపతి స్కూల్ వాళ్లతో వెళ్లొచ్చాను, ఈసారి వెళ్లే తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఇవి చూసుకోండి.

పాస్‌పోర్ట్‌కి ఇంకా 6 నెలలు గడువుండాలి. పిల్లలది 5 ఏళ్లకే అయిపోతుంది కాబట్టి ఇవాళే తెరిచి చూడండి.

ఆవకాయ సీసా చేతి బ్యాగులో అస్సలు పెట్టొద్దు. నాది సెక్యూరిటీ దగ్గర తీసేశారు, మూతకి అమ్మ కట్టిన తెల్లగుడ్డ నూనెకి ఎర్రబడి ఉండటం ఇంకా కళ్లముందే ఉంది, చాలా బాధేసింది.

చూయింగ్ గమ్ వద్దు, అక్కడ నిషేధం.

అడాప్టర్ కొనుక్కోండి, అక్కడి సాకెట్లు వేరు.

ఇంటికి ఫోన్ చేసేటప్పుడు అక్కడి టైమ్ మనకంటే రెండున్నర గంటలు ముందని గుర్తుంచుకోండి.

గుంపు నుంచి తప్పిపోతే టెన్షన్‌తో తిరగకుండా ఉన్నచోటే నిలబడండి, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవచ్చు కాబట్టి సార్ నంబరు, హోటల్ పేరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.