మంగలి కత్తితో గడ్డం: ముందు చెంపల వరకే

మంగలి కత్తితో సొంతంగా గడ్డం గీసుకోవడం నేర్చుకోవాలనుంటే, మొదటి రోజే ముఖమంతా గీయకండి. చెంపలు మాత్రం కత్తితో, మిగతాది మామూలు రేజర్‌తో కానివ్వండి. చెంప చదునుగా ఉంటుంది కాబట్టి చెయ్యి కుదరడానికి అదే మంచి చోటు. పై పెదవి, గడ్డం కింద వంపులెక్కువ, వాటి జోలికి తర్వాత వెళ్లొచ్చు.

అందరూ కత్తి పట్టుకోవడం గురించే టెన్షన్ పడతారు గానీ, సగం పని రెండో చేతిది. దానితో చర్మాన్ని బిగుతుగా లాగి పట్టాలి. కత్తిని చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉంచండి. మరీ లేపితే కోస్తుంది, మరీ పడుకోబెడితే వెంట్రుకను పీకుతుంది. ఒత్తొద్దు. వెంట్రుకలు పెరిగే దిశలోనే పొట్టి పొట్టిగా గీయండి. అంచు వెంబడి పక్కకు జరిపారా, తెగినట్టే! మొటిమలున్న రోజు కత్తి ముట్టకపోవడమే నయం.

సెలూన్లలో బ్లేడును రెండుగా విరిచి పెట్టే కత్తికి నూరే పని లేదు, ఖర్చూ తక్కువే. కాకపోతే కొత్త బ్లేడు మహా పదును, చెయ్యి కాస్త తడబడినా గాటు పడుతుంది. పాతకాలపు అసలు కత్తయితే గీసుకునే ముందు ప్రతిసారీ తోలుపట్టీ మీద సాపు చేయాలి. అలా రుద్దేటప్పుడు కత్తి వెన్ను, అంటే మొద్దు వైపు, ముందుండాలి, పదునైన అంచు వెనక రావాలి.

స్నానం అయ్యాక, వెంట్రుక మెత్తబడి ఉన్నప్పుడు గీసుకుంటే సులువు. చివర్లో చన్నీళ్లు, తడి పటిక చాలు. ఒకవేళ కత్తి చేతిలోంచి జారితే పట్టుకోబోకండి, కింద పడనివ్వండి.