ఊటీ పోయేవాళ్లు ముందు రైలు టికెట్ తీయండి, హోటల్ తర్వాత

మా కల్వకుర్తి పక్క ఎవరిని అడిగినా ఊటీ ప్లాన్ ఒకటే తీరు. ఏప్రిల్‌లో ఎండ నలభై దాటగానే ఇంట్లో మాట మొదలవుతుంది, పిల్లల పరీక్షలు అయ్యేసరికి హోటల్ బుక్ అయిపోతుంది, కారు మాట్లాడటం అయిపోతుంది, అన్నీ అయ్యాక ఎవరో ఒకరు “కొండ ఎక్కే ఆ చిన్న రైలు కూడా ఎక్కుదాం కదా” అంటారు. అప్పటికి టికెట్లు ఉండవు.

నేను మొదటిసారి ఇంకా తెలివిగా ప్యాకేజీ తీసుకున్నాను. టాయ్ ట్రైన్ అందులోనే కలిపి ఉందన్నారు. తీరా చూస్తే సగం దారిలో ఉండే కూనూరులో ఎక్కించి ఊటీలో దింపారు. ఆ ముక్కలో రంపం పళ్లలాంటి గాట్లుండే పండ్ల పట్టా ఉండదు, ఆవిరి ఇంజన్ ఉండదు, లాగేది డీజిల్ ఇంజన్. మా అమ్మ కిటికీలోంచి తొంగి చూసి “ఏదిరా నువ్వు చెప్పిన పండ్ల పట్టా? ఇది మన జడ్చర్ల రైలే కదా” అంది. ఆ మాట పడలేకే రెండోసారి అన్నీ నేనే చూసుకున్నాను.

ఎక్కాల్సింది కొండ కింద ఉండే మెట్టుపాళయంలో. పొద్దున 7:10కి బయలుదేరి 46 కిలోమీటర్లు ఎక్కడానికి దాదాపు ఐదు గంటలు తీసుకుంటుంది. ఊటీ స్టేషన్ అసలు పేరు ఉదగమండలం, టికెట్ మీద అదే ఉంటుంది, కంగారు పడకండి. రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది కాబట్టి ఆ రోజు పొద్దున్నే కూర్చోండి. శని, ఆదివారాలు వదిలేసి వారం మధ్యలో చూస్తే దొరికే అవకాశం ఎక్కువ. టికెట్ ఏ తేదీకి దొరికితే ఆ తేదీ చుట్టూ మిగతా ప్రయాణం కట్టుకోండి. హోటళ్లు ఊటీలో కొల్లలు, రైలు మాత్రం ఒక్కటే.

మెట్టుపాళయం చేరడానికి మేము శబరి ఎక్స్‌ప్రెస్ పట్టుకున్నాం. అది నల్గొండ మీదుగానే పోతుంది. మా అక్కవాళ్లు నల్గొండలోనే ఉంటారు, అందరం అక్కడ కలిసి ఎక్కి మర్నాడు పొద్దున కోయంబత్తూరులో దిగాం. అక్కడి నుంచి మెట్టుపాళయం గంట, గంటన్నర. అదే రోజు కొండ రైలు అందుకుందామని మాత్రం ఆశపడకండి, ఆ రాత్రి మెట్టుపాళయంలోనే పడుకోండి. ఊళ్లో చూడటానికి పెద్దగా ఏమీ లేదు, నిద్రపోవడమే మంచిది.

ఇక రైలు సంగతి. కల్లార్ అనే స్టేషన్ దాకా మామూలు రైలే. అక్కడి నుంచి రెండు పట్టాల మధ్య ఇంకో వరస మొదలవుతుంది, రంపం పండ్లలాగా గాట్లు ఉంటాయి. ఇంజన్ కింద పండ్ల చక్రం ఆ గాట్లలో దిగి మెట్టు మెట్టుకీ పట్టుకుంటూ ఎక్కుతుంది. ఎత్తు బాగా ఉన్నచోట పన్నెండున్నర అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి లేస్తుంది. మామూలు ఇనుప చక్రం అక్కడ జారిపోతుంది, అందుకే ఈ ఏర్పాటు. కూనూరు దాకా 1899లో వేశారు, ఊటీ దాకా 1908లో. దారి మొత్తం మీద 16 సొరంగాలు, 250 వంతెనలు. యునెస్కో గుర్తింపు 2005లో వచ్చింది. ఎక్కేటప్పుడు ఇంజన్ వెనక నుంచి తోస్తుంది, ముందు ఏమీ అడ్డం ఉండదు. అందుకే మొదటి పెట్టెలో ఫస్ట్ క్లాస్ ముందు వరస దొరికితే అదృష్టం. ప్రతి పెట్టె ముందూ ఒక బ్రేక్ మనిషి నిలబడి ఉంటాడు, చేతిలో జెండా. ముందున్నవాడు ఊపితే వెనకవాడు ఊపుతాడు, అట్లా అది ఇంజన్ దాకా అందుతుంది. మా అమ్మ ఐదు గంటలూ ఆ జెండానే చూసింది. లోయ చూడమ్మా అంటే వినలేదు.

పెట్టెల్లో బాత్రూమ్ లేదు. ఇంట్లో షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే ఇది ముందే చెప్పాలి. మధ్యలో హిల్‌గ్రోవ్ లాంటి స్టేషన్లలో ఇంజన్‌కి నీళ్లు పట్టడానికి ఆపుతారు, అప్పుడే దిగి రావాలి. కోతులున్నాయి జాగ్రత్త. మా మేనల్లుడి చేతిలోని అరటిపండు ఎట్లా పోయిందో వాడికే తెలియలేదు.

దసరా సెలవులకు పెట్టుకుంటే ఒక మాట. అక్టోబర్, నవంబర్లలో అటు వానలు గట్టిగా ఉంటాయి, కొండచరియలు పడి కల్లార్, కూనూరు మధ్య రైళ్లు చాలాసార్లు ఆగిపోతాయి. నన్నడిగితే ఫిబ్రవరి, మార్చి మంచివి. మేలో బొటానికల్ గార్డెన్‌లో పూల ప్రదర్శన ఉంటుంది, బాగుంటుంది, కానీ పూల కన్నా తలకాయలే ఎక్కువ కనిపిస్తాయి.

కారులో పోయేవాళ్లకు రెండు సంగతులు. 2024 మే నుంచి ఊటీ ఉండే నీలగిరి జిల్లాకు బయటి బండ్లకు ఈ-పాస్ ఉండాలి. డబ్బులేమీ కట్టక్కర్లేదు, తమిళనాడు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో తీసుకోవచ్చు. 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లకే ఇచ్చారు కాబట్టి చెక్‌పోస్ట్ దగ్గర చూసుకుందాంలే అనుకోవద్దు. ప్రభుత్వ బస్సులో, రైల్లో పోతే ఈ గొడవ లేదు. రెండోది, మైసూరు వైపు నుంచి పోతే బండీపూర్ అడవి గేటు రాత్రి 9కి మూస్తారు, మళ్లీ పొద్దున 6కే. మన నల్లమల దారిలాగే అనుకోండి.

ప్లాస్టిక్ సీసాలు, కవర్లు అక్కడ నిషేధం, దొరికితే జరిమానా. స్టీలు సీసా పట్టుకెళ్లండి. సకినాలు, కారప్పూస కవర్లో కాకుండా డబ్బాలో సర్దండి. స్వెటర్లు మన ఇళ్లలో ఉండవు కదా, అరువైనా తెచ్చుకోండి. మేలో కూడా రాత్రి దుప్పటి చాలదు, డిసెంబర్, జనవరిలో అయితే గడ్డి మీద తెల్లగా మంచు గడ్డకడుతుంది.

ఊళ్లో అందరూ సరస్సు దగ్గర బోటెక్కి, దొడ్డబెట్ట చూసి, చాక్లెట్లు కొని వచ్చేస్తారు. దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు, మబ్బు లేకపోతేనే పొండి, మబ్బుంటే తెల్లగా గోడ కనిపిస్తుంది. నాకు నచ్చినవి వేరే. కోయంబత్తూరు కలెక్టర్ జాన్ సల్లివాన్ 1819లో ఈ కొండ ఎక్కాడు, అక్కడి తోడా గిరిజనుల నేల మీద 1822లో రాతి ఇల్లు మొదలుపెట్టాడు. స్టోన్ హౌస్ అంటారు, ఇప్పుడు ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ ఆవరణలో ఉంది. మనం బోటు తిప్పే సరస్సు కూడా ఆయన తవ్వించిందే. సెయింట్ స్టీఫెన్స్ చర్చి 1830 నాటిది. లోపలికి పోయి తల పైకెత్తి దూలాలు చూడండి, టిప్పు సుల్తాన్ శ్రీరంగపట్నం కోటలోని కలప అది. అంత బరువు కొండ మీదికి ఎట్లా ఎక్కించారో, అప్పటికి రైలే లేదు.

తిరుగు ప్రయాణం మైసూరు వైపు పెట్టుకోండి. ఊటీ నుంచి బస్సులో 125 కిలోమీటర్లు, ముదుమలై, బండీపూర్ అడవులు పగలే దాటతారు. కిటికీ పక్కన కూర్చుంటే జింకలు తప్పకుండా, ఏనుగు అదృష్టాన్ని బట్టి. మైసూరులో మధ్యాహ్నం కాచిగూడ ఎక్స్‌ప్రెస్ ఉంది, అది పాలమూరు మీదుగానే వస్తుంది. బస్సు ఆలస్యమైతే రైలు పోతుంది కాబట్టి ముందు రోజే మైసూరు చేరితే టెన్షన్ ఉండదు. పాలమూరు వచ్చేసరికి ఇంకా తెల్లారదు, అలారం పెట్టుకోండి. మేము దిగినప్పుడు ప్లాట్‌ఫారం మీద ఆ చీకట్లోనే ఉక్కపోస్తోంది, మా అమ్మ ఇంకా మంకీ క్యాప్ తీయలేదు.