మీ ఊరి చేల పేర్లు రాసి పెట్టుకోండి: ఒక సర్వేయరు చెప్పే పద్ధతి

ముప్పై రెండేళ్లు కడప జిల్లాలో సర్వేయరుగా పనిచేశాను. 66 అడుగుల గొలుసు లాగి లాగి చేతులు కాయలు కాచినాయి. వేల చేలు కొలిచాను గానీ ఒక్క చేను పేరు కూడా కాగితం మీద పెట్టలేదు. రికార్డుకు నంబరు చాలు, పేరు అక్కర్లేదు. ఆ పేరు ఎంత విలువైనదో రిటైరయ్యాక, మా చిన్నమ్మాయి దగ్గరికి ఇటలీ పోయినప్పుడు తెలిసింది.

అమ్మాయి ఉండేది బొల్జానోలో. ఒక వారం నన్ను బదియా లోయలోని లా వాల్ అనే ఊరికి తీసుకుపోయింది. ఆల్ప్స్‌లో, డోలమైట్స్ అనే రాతికొండల కింద ఉన్న ఊరు. జనం 1,300 చిల్లర. అందులో నూటికి 97 మంది తమది లదిన్ భాష అని 2011 జనాభా లెక్కల్లో రాయించుకున్నవాళ్లు. రోమన్లు ఆ కొండలకు వచ్చినప్పుడు తెచ్చిన లాటిన్, స్థానికుల నోళ్లలో నలిగి నలిగి అయిన భాష అది. ఐదు లోయల్లో కలిపి మాట్లాడేవాళ్లు సుమారు 30 వేలు, అంటే మన చిన్న టౌను ఒకదాంట్లో ఉండే జనం. 1923లో ముస్సోలినీ ప్రభుత్వం అక్కడి ఊళ్లకు ఇటాలియన్ పేర్లే చెల్లుతాయని ఉత్తర్వు ఇచ్చింది. ఇప్పుడు ఆ ఊరికి మూడు భాషల్లో మూడు పేర్లు: లదిన్‌లో లా వాల్, ఇటాలియన్‌లో లా వాల్లె, జర్మన్‌లో వెంగెన్. బడిలో పాఠాలు సగం జర్మన్‌లో, సగం ఇటాలియన్‌లో చెప్తారు. లదిన్‌కు వేరే పీరియడ్లున్నాయి.

వాళ్ల ఇళ్లు మన కొట్టాల మాదిరి గుంపులుగా ఉంటాయి. విలెస్ అంటారు. నీళ్ల తొట్టి, రొట్టె కాల్చే పొయ్యి గుంపంతటికీ ఉమ్మడి. మేమున్న ఇంటి పెద్దాయన పొద్దున్నే బయట నిలబడి ఎదురుగా కొండ కింద పచ్చికను చూపించి "అర్మెంతారా" అన్నాడు. పశువుల మంద అనే లాటిన్ మాట నుంచి వచ్చిందని అమ్మాయి చెప్పింది. నాకు మా ఊరి మందబయలు గుర్తొచ్చింది. ఇప్పుడక్కడ ప్లాట్లేశారు. దాన్ని మందబయలు అనేవాళ్లు నా ఈడువాళ్లు నలుగురైదుగురం మిగిలాం.

ఇంకో మాట కూడా మనసులో నిలిచిపోయింది. లదిన్‌కు మొదటి వ్యాకరణం రాసినాయన మికురా దె రూ అనే ఫాదరీ. రూ అంటే వంక, చిన్న వాగు. ఆయన జర్మన్ ఇంటిపేరు బాహెర్, అదీ వంక నుంచి వచ్చిందే. వంక పక్క ఇల్లు కాబట్టి ఆ పేరు. ఆయన 1833లో వ్యాకరణం రాసేనాటికి మన కడపలో పనిచేసిన బ్రౌను దొర వేమన పద్యాలు పోగుచేసి అచ్చు కూడా వేయించి ఉన్నాడు. బ్రౌను పేరుతో లైబ్రరీ ఉన్న జిల్లాలో పుట్టి, నా ఊరి మాటలు నేను రాసుకోలేదే అని చాలా బాధేసింది. తిరిగొచ్చిన నెలకే మొదలుపెట్టాను.

ముందు మీ ఊరి గ్రామ పటం సంపాదించండి. సచివాలయంలో అడిగితే ఎట్లా తీసుకోవాలో చెప్తారు. పెద్ద సైజు జిరాక్సు రెండు తీయించండి, ఒకటి చేలో చినిగిపోతుంది. రీసర్వే అయిన ఊరైతే కొత్త ఎల్పీ (ల్యాండ్ పార్సెల్) నంబరుతో పాటు పాత సర్వే నంబరు కూడా రాసుకోండి. పెద్దవాళ్లకు తెలిసింది పాతదే.

పటం పట్టుకుని చేలో తిరిగితే జనానికి టెన్షన్ పుడుతుంది. అందుకే ముందే నాలుగు ఇళ్లలో చెప్పండి: విస్తీర్ణం రాయను, ఎవరిదో రాయను, పేరు మాత్రమే రాస్తాను అని. ఆ మాట మీద నిలబడండి.

ఎవరిని అడగాలన్నది అన్నిటికన్నా ముఖ్యం. రైతుకు తన చేల పేర్లే తెలుస్తాయి. గొర్లు మేపేవాళ్లకు ఊరి పొలమంతా తెలుసు. కలుపు తీసే ఆడవాళ్లకు ఒక్కో కయ్య పేరు కూడా తెలుసు. వాళ్లను ఇంట్లో కూర్చోబెట్టి అడిగితే పది పేర్లు వస్తాయి, చేలో నడుస్తూ అడిగితే ముప్పై వస్తాయి. "ఈ చేను పేరేంది?" అని అడిగితే మాత్రం ఫలానావాళ్లది అనే చెప్తారు. "పొద్దున పనికి యాడికి పోతాండామని ఇంట్లో చెప్తారు?" అని అడగండి. అసలు పేరు అప్పుడు బయటికొస్తుంది.

చెప్పింది చెప్పినట్టే రాయాలి. ఇక్కడ నేనే తప్పు చేశాను. మా వీధి అవ్వ ఒక చోట నిలబడి ఏదో పేరు చెప్తే, నాకు అలవాటైన ఆఫీసు భాషలో "సద్ది గట్టు" అని రాసుకున్నాను. పక్కనున్న పిల్లోడు దాన్ని గట్టిగా చదివాడు.

"గట్టని ఎవురంటారు నాయనా ఈడ? సద్దిగెనుం అని రాయి" అంది అవ్వ. గెనిమ మీద కూలబడి, అరచేత్తో గడ్డి పక్కకు తోసి ఒక చదును బండ చూపించింది. "ఈడ కూసోని సద్ది తాగుతాంటిమి. మిరక్కాయ ఈ బండ మిందే నూరుకుంటాంటిమి." బండ నడుమ గుంట పడి నున్నగా ఉంది. ఆమె వేలు అందులో సరిగ్గా ఇమిడింది. ఆ రోజు నుంచి నోటుబుక్కులో ఒక్క మాట కూడా దిద్దలేదు.

ఒక్కో పేరుకు ఒక్కో పేజీ పెట్టండి. పలికిన తీరు, సర్వే నంబరు, చెప్పినవాళ్ల వయసు, పేరెందుకు వచ్చిందంటారు, ఇప్పుడక్కడ ఏముంది. ఒకే చోటికి ఇద్దరు రెండు పేర్లు చెప్తే రెండూ రాయండి, తీర్పు చెప్పొద్దు. ఫోన్లో గొంతు కూడా రికార్డు చేయండి. మొదలుపెట్టేటప్పుడు సర్వే నంబరు మీరే గట్టిగా చెప్పండి, లేకపోతే నెల తర్వాత ఏ గొంతు ఏ చేనిదో తెలియదు.

కొన్ని పేర్లలో కులం ఉంటుంది, కొన్నిట్లో అవమానం కూడా ఉంటుంది. నోటుబుక్కులో ఉన్నదున్నట్టు పెట్టండి. నలుగురికీ కనపడేట్టు బయట రాసేముందు మాత్రం ఆ కులంవాళ్లను అడగండి. వాళ్లు వద్దంటే వద్దు.

అయ్యాక మూడు కాపీలు తీయించి ఒకటి బడికి, ఒకటి సచివాలయానికి ఇవ్వండి, ఒకటి ఇంట్లో పెట్టుకోండి. దారి పక్కన బండల మీద పెయింటుతో పేరు రాయిస్తే ఇంకా మేలు. మా ఊళ్లో పిల్లోళ్లే రాశారు. మొదట రాసింది సద్దిగెనుం.

నల్లరేగడి ఉన్న వైపు వానల్లో పోవద్దు, మోకాలిదాకా దిగబడుతుంది. మాకు ఇప్పటికి 61 పేర్లు వచ్చాయి. కుందూ ఏటి పక్క పొలాలు మిగిలాయి. సంక్రాంతి దాటి నేల గట్టిపడినాక ఆ పక్కకు పోతాను. అవ్వ తానూ వస్తానంది, ఆటో మాట్లాడి పెట్టాను.